మచ్చ పోతుంది సరే, చూపు?

జల్‌పల్లిలో మా అక్క వాళ్లింటికెళ్తే వాడితో దాగుడుమూతలు ఆడాల్సిందే. మొన్న ఆటలో వాడి కుడి కన్ను మూశాను. ఏమీ అనలేదు. ఎడమ కన్ను మూశానో లేదో, చెయ్యి తోసేసి ఏడుపు అందుకున్నాడు. మళ్లీ మూశా. మళ్లీ అంతే.

పుట్టిన మూడు వారాలకు వాడి కుడి రెప్ప మీద ఎర్ర చుక్క వచ్చింది. రెండు నెలలకల్లా రేగుపండంత అయింది. "ఏం గాదు బిడ్డా, పెద్దగైతే అదే పోతది" అంది వాళ్ల నాయనమ్మ. ఆమె మాటే నిజమైంది. నాలుగేళ్లకి మచ్చ దాదాపు పోయింది. ఆ కంటికి చూపే సరిగ్గా రాలేదు.

దీన్ని హెమాంజియోమా అంటారు. రక్తనాళాలు గుంపుగా పెరిగిన గడ్డ, క్యాన్సర్ కాదు. మొదటి నెలల్లో జోరుగా పెరిగి, ఏడాది దాటాక మెల్లగా కరుగుతుంది. వీపు మీదుంటే చాలాసార్లు ఆగి చూడొచ్చు. కంటి దగ్గరైతే లెక్క వేరు. రెప్ప వాలితే కంటికి వెలుగు అందదు. వాలకపోయినా, గడ్డ ఒత్తిడికి కంటి ముందు పొర వంపు మారి బొమ్మ మసకబారుతుంది. చూడ్డం మెదడు నేర్చుకునేది ఆ వయసులోనే. మసక బొమ్మ పంపే కంటిని అది పక్కన పెట్టేస్తుంది. అదే లేజీ ఐ.

దీనికి మందుంది. గుండె జబ్బుకి ప్రొప్రనలాల్ ఇస్తే పసిబిడ్డకు ఈ గడ్డ కూడా తగ్గిందని 2008లో ఫ్రాన్స్‌లోని బోర్డో డాక్టర్లు ప్రకటించారు. ఇప్పుడు ముందుగా ఇచ్చేది అదే. కాకపోతే షుగర్, బీపీ పడిపోవచ్చు. అందుకే డాక్టర్ చెప్తేనే, పాలు పట్టేటప్పుడే వెయ్యాలి. సొంత వైద్యం వద్దు.

మావాడికిప్పుడు కళ్లద్దాలు. చూపున్న కంటికి రోజూ కొన్ని గంటలు ప్యాచ్. రెండో కన్ను పని నేర్చుకుంటోంది. ముందే వెళ్లుంటే ఇంత తిప్పలు ఉండకపోవచ్చు.

వాడి ఫొటోలన్నీ తీసింది నేనే. ముద్దొస్తున్నాడని స్టేటస్‌లు పెట్టానే గానీ, రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టి చూళ్లేదు. మీ ఇంట్లో పసివాళ్ల కంటి చుట్టూ ఎర్ర మచ్చ కనిపిస్తే, పెరిగేదాకా ఆగకుండా ఆ వారమే చూపించండి. మెహిదీపట్నంలో సరోజినీదేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రి ఉంది. బంజారాహిల్స్ ఎల్‌వీ ప్రసాద్‌లో డబ్బు కట్టలేనివాళ్లకు ఉచితంగా చూస్తారు. వెళ్లేటప్పుడు ఫోన్‌లోని పాత ఫొటోలు కూడా డాక్టర్‌కి చూపించండి. ఎంత వేగంగా పెరుగుతోందో వాటిలోనే తెలుస్తుంది.