పర్మిట్‌కు ముందు చోటు చూపాలి

కోల్‌కతాకు దిగువన హుగ్లీ ఒడ్డున ఉన్న బడ్జ్ బడ్జ్ పేరు వినగానే చరిత్ర చదివినవాళ్లకు 1914 సెప్టెంబరు 29న కొమగట మారు ఓడ ప్రయాణికుల మీద జరిగిన కాల్పులు గుర్తొస్తాయి. అక్కడ బతికేవాళ్లకు మాత్రం అది జూట్ మిల్లుల ఊరు, చమురు ఊరు. కోల్‌కతా రేవుకొచ్చే పెట్రోలియం దిగే జెట్టీలు, ఆయిల్ కంపెనీల నిల్వ ట్యాంకులు ఉన్నది అక్కడే. ఇంధనం ఓడలో వచ్చినా, పైపులో వచ్చినా చివరికి బంకుకు చేరేది లారీలోనే. వంతు వచ్చేదాకా ఆ లారీ ఎక్కడో ఒకచోట ఆగాలి. టెర్మినల్ ఆవరణ చాలకపోతే వరుస రోడ్డెక్కుతుంది. విశాఖ మల్కాపురం వైపో, హైదరాబాద్ చర్లపల్లి వైపో తిరిగేవాళ్లకు ఈ సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు. బడ్జ్ బడ్జ్ ట్రంక్ రోడ్డు మీద రద్దీ తగ్గించాలని జింజిరా బజార్ నుంచి బాటానగర్ దాకా దాదాపు 7 కిలోమీటర్ల సంప్రీతి ఫ్లైఓవర్ కట్టి 2019లో తెరిచారు. కదిలే బండికి అది దారి ఇచ్చింది. ఆగాల్సిన బండి సమస్య కిందే మిగిలింది.

ఇలాంటిచోట అధికారులకు తట్టే మొదటి ఉపాయం పర్మిట్. ఫలానా బండ్లు ఫలానాచోట ఆపుకోవచ్చని ఒక కాగితం ఇస్తారు, మిగతావాటికి చలానా రాస్తారు. కాగితం అచ్చు వేయడానికి ఖర్చు లేదు కాబట్టి ఉన్న చోటుకు మించి పర్మిట్లు పుడతాయి. పర్మిట్ ఉండీ చోటు దొరకనివాడు చివరికి అక్రమంగానే ఆపుతాడు, పైగా నాకు హక్కుందని వాదిస్తాడు. అందుకే నా అభిప్రాయం సూటిగా చెబుతాను: చోటు కొలిచి చూపించనిదే పర్మిట్ ఇవ్వకూడదు. ఇచ్చిన ప్రతి పర్మిట్ ఎవరికి, ఎక్కడ, ఎంతకు ఇచ్చారో ఊరందరికీ తెలియాలి. దాన్ని అడ్డం పెట్టుకుని నియమం మీరినవాడి పర్మిట్ రద్దు కావాలి.

ఈ చివరి షరతు సర్కారు బండ్లకే ముందుగా వర్తించాలి. మోటారు వాహనాల చట్టం 122వ సెక్షన్ రాకపోకలకు అడ్డుగా, ప్రమాదం కలిగేలా బండిని వదలకూడదంటుంది. అద్దం మీద బోర్డు ఉన్న బండికి అందులో మినహాయింపు లేదు. 2017 మే 1 నుంచి మంత్రుల కార్ల మీద ఎర్రబుగ్గలు పోయాయి. కానీ 'ప్రభుత్వ విధులు', 'పోలీస్', 'ప్రెస్' అన్న అక్షరాలు అద్దాల మీద ఇంకా చలానా రాసే చేతిని ఆపుతూనే ఉన్నాయి. మన దేశం తీరే అంత అని సరిపెట్టుకునేవాళ్లు న్యూయార్క్ అనుభవం చూడాలి. 1997 నుంచి 2002 దాకా అయిదేళ్లలో అక్కడి ఐక్యరాజ్యసమితి దౌత్యవేత్తలు కట్టకుండా వదిలేసిన పార్కింగ్ చలానాలు లక్షా యాభై వేలకు పైమాటే, బకాయి కోటీ ఎనభై లక్షల డాలర్లు. రేమండ్ ఫిస్మన్, ఎడ్వర్డ్ మిగెల్ అనే ఆర్థికవేత్తలు ఆ లెక్కలన్నీ తీశారు. జపాన్, స్వీడన్ లాంటి దేశాలవాళ్లు ఒక్క చలానా కూడా ఎగ్గొట్టలేదు. ఎగ్గొట్టడంలో కువైట్‌వాళ్లు అందరికంటే ముందున్నారు. ఇంతవరకు చదివితే అంతా సంస్కారంలోనే ఉందనిపిస్తుంది. కానీ 2002 చివర్లో బకాయిలున్న బండ్ల దౌత్య నంబరు ప్లేట్లు ఊడబీకడం మొదలుపెట్టగానే ఉల్లంఘనలు 98 శాతం దాకా పడిపోయాయి. మనుషులు మారలేదు, వాళ్ల దేశాలూ మారలేదు. ప్లేటు పోతుందన్న నిజం ఒక్కటే కొత్తగా వచ్చి చేరింది.

చోటు కొలవడం, దానికి ధర కట్టడం మరో పని, ఇంకా కష్టమైన పని. కోల్‌కతాలో రోడ్ల వాటా నగర విస్తీర్ణంలో ఆరేడు శాతమే అంటారు. అయినా 2023 ఏప్రిల్‌లో నగరపాలక సంస్థ కారు పార్కింగ్ రుసుమును గంటకు 10 నుంచి 20 రూపాయలకు పెంచితే, పాలక పార్టీ నుంచే అభ్యంతరం వచ్చి, కొద్ది రోజులకే వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. సామాన్యుడి మీద భారమన్నది వినిపించే వాదన. కోల్‌కతా సామాన్యుడు బస్సులో, లోకల్ రైల్లో, కాలినడకన పోతాడు. చవక పార్కింగ్ వల్ల ఆగిపోయేది అతని బస్సే. 2006 జాతీయ పట్టణ రవాణా విధానం కూడా ఆక్రమించిన నేల విలువకు తగ్గట్టు పార్కింగ్ రుసుము ఉండాలనే చెప్పింది.

డబ్బున్న దేశాలకే ఇవన్నీ సాధ్యమని ఇంకొందరంటారు. కారు కొనేవాడు దాన్ని పెట్టుకునే చోటు రోడ్డు బయట చూపాలన్న చట్టాన్ని జపాన్ 1962లో చేసింది. అప్పటికి అది యుద్ధం నుంచి కోలుకుంటున్న దేశమే, ఇంటింటికీ కారున్న దేశం కాదు. కార్లు రాకముందే నియమం వచ్చింది కాబట్టే అది నిలిచింది. మన దగ్గరా ఈ ఆలోచన బొత్తిగా కొత్తదేమీ కాదు. మాల్స్, మల్టీప్లెక్సుల్లో మొదటి అరగంట పార్కింగ్‌కు డబ్బు తీసుకోవద్దని తెలంగాణ ప్రభుత్వం 2018 మార్చిలో ఉత్తర్వు ఇచ్చింది. బండ్లను రప్పించుకుని లాభపడేవాడే వాటికి చోటు చూపాలన్నది అందులోని న్యాయం. బడ్జ్ బడ్జ్‌కు కావలసిందీ అదే.

ట్యాంకర్ డ్రైవర్ల కోణం నుంచి వచ్చే అభ్యంతరం మాత్రం నిజంగా బరువైనది. రోడ్డు పక్కన లారీ ఆపింది డ్రైవరే అయినా, అతన్ని అక్కడ ఆపింది లోడింగ్ వరుస. అతనికి చలానా రాస్తే రోజు కూలి పోతుంది, వరుస మాత్రం అంగుళం కదలదు. ఖాళీ ట్యాంకర్‌లోనూ ఇంధన ఆవిరి మిగిలే ఉంటుంది, దాన్ని వదిలి ఎటూ పోలేడు. ఉత్తరాంధ్ర పల్లెల నుంచి హుగ్లీ ఒడ్డు జూట్ మిల్లులకు తరలిపోయిన కుటుంబాల కథ తెలిసిన మనకు, రోడ్డు మీద పడిగాపులు పడే శ్రామికుడి మీద జరిమానా వేయడం న్యాయమనిపించకూడదు. జరిమానా వేయాల్సింది అతన్ని పిలిచిన టెర్మినల్‌కు, రవాణా కాంట్రాక్టు ఇచ్చిన కంపెనీకి.

అంబులెన్సు, ఫైరింజన్, పిలుపు మీద వెళ్లే పోలీసు జీపు సంగతేమిటని అడగొచ్చు. విధిలో ఉన్నంతసేపూ వాటిని ఎవరూ ఆపరు, ఆపకూడదు. విశాఖ హెచ్‌పీసీఎల్‌లో 1997 సెప్టెంబరు 14న జరిగిన అగ్నిప్రమాదంలో దాదాపు 60 మంది చనిపోయారు. దానికి కారణం పార్కింగ్ కాదు. కానీ చమురు ట్యాంకుల పక్కన జనం కాపురముండే ప్రతి ఊళ్లోనూ రోడ్డు ఎందుకు ఖాళీగా ఉండాలో ఆ రోజు చెబుతుంది.

నది ఒడ్డున రేవు సంస్థకు భూములున్నాయి, ఆయిల్ కంపెనీలకు ఆవరణలున్నాయి, పోలీసుకు చలానా పుస్తకం ఉంది, పురపాలక సంఘానికి ఊరి మంచిచెడ్డల బాధ్యత ఉంది. ఒక్కొక్కరూ తమ పని ఒక్కటే చూసుకుంటున్నారు. లారీకి లోడింగ్ వేళ కేటాయించేటప్పుడే ఆగే చోటు నంబరు కూడా కేటాయించాలని, నంబరు లేని లారీని పిలవకూడదని వీళ్లంతా కలిసి ఒప్పందం చేసుకోవాలి. ఆ నంబర్ల జాబితాను టెర్మినల్ గేటు మీద, పురపాలక కార్యాలయం గోడ మీద రోజూ అంటించాలి.