ధర కట్టాల్సింది ముక్కను చూసి

పత్తి ఏరడం అయిపోయాక కట్టెను తగలబెట్టొద్దని వ్యవసాయాధికారులు ఏటా చెబుతారు. బొగ్గుతో పాటు పంట వ్యర్థాల గుళికలూ కాల్చాలని కేంద్రం థర్మల్ ప్లాంట్లకు చెబుతోంది. 2024-25 నుంచి 5 శాతం కలపాలని 2023లో సవరించిన విధానం చెప్పింది. రెండూ మంచి మాటలే. అయితే చేనుకీ ప్లాంటుకీ మధ్య అసలు పేచీ ముక్క సైజు దగ్గర ఉంది. దాని ఊసెత్తేవారే లేరు.

నేను వరంగల్ వైపు ఓ గుళికల మిల్లులో మెషీన్లు చూసుకుంటాను. ఊళ్లో ష్రెడర్ పట్టించిన కట్టె మాకు ట్రాక్టర్లలో వస్తుంది. గుప్పెడు తీసి చూస్తే వేలెడేసి ముక్కలు, వాటి నడుమ జానెడు పొడవున చీరుకుపోయిన బెరడు, వేళ్లు పట్టుకుని వచ్చిన నల్లరేగడి పెళ్లలు. గుళికను నొక్కి తీసే మా డై రంధ్రం 8 మిల్లీమీటర్లు. ఆ బెరడు పీచు, ముక్కల్ని సన్నగా కొట్టే హామర్ మిల్లు రోటరుకు చుట్టుకుంటే కరెంటు ఆపి, కత్తితో కోసి లాగాలి. మట్టి డైని అరగదీస్తుంది. ఆ ఖర్చు చివరికి కట్టె ధరలోనే కోత పడుతుంది.

మురుకుల గొట్టంలో పిండితో పాటు పల్లీ పలుకు పడితే ఏమవుతుందో, డైలో ముతక ముక్క పడితే అదే అవుతుంది. ఎలాగోలా బయటికొచ్చినా గుళిక అక్కడే పగులుతుంది. లారీ దిగేసరికి సగం పొడి. అలాగని పిండిలా కొట్టడమూ తప్పే. జల్లెడ సన్నబడేకొద్దీ కరెంటు బిల్లు పెరుగుతుంది, షెడ్డు నిండా దుమ్ము లేస్తుంది, ఆ దుమ్ముకు నిప్పురవ్వ చాలు. సన్నవీ, కాస్త ముతకవీ కలిసి ఉండి, ముతకవి కూడా 5 మిల్లీమీటర్లు దాటకపోతే మాకు పని సాఫీగా సాగుతుంది. తేమ 10-12 శాతం ఉండాలి. అప్పుడు రాపిడి వేడికి కట్టెలోని లిగ్నిన్ మెత్తబడి, వేరే జిగురు లేకుండానే గుళిక గట్టిపడుతుంది.

సన్నగా కొట్టుకోవడం మిల్లు పనే కదా అంటారు. నిజమే, ఆఖరి మెత్తదనం మా బాధ్యతే. కానీ పొడుగు ముక్కల లోడులో సగం గాలే. ఆ గాలికీ, పచ్చి కట్టెలోని నీటికీ కిరాయి కడుతున్నాం. కట్టెను చేలోనే ఎండనిచ్చి, వేళ్ల మట్టి దులిపి, అంగుళానికి మించకుండా నరికితే అదే ట్రాలీలో ఎక్కువ సరుకు వస్తుంది. సబ్సిడీ మీద ఇచ్చే ష్రెడర్లకు హార్స్‌పవర్ ఎంతో చూస్తున్నారు. ముక్క ఎంత పొడుగొస్తుందో కూడా షరతుగా పెట్టాలి.

అంతకంటే ముందు మా మిల్లులు మారాలి. కేవలం తూకం మీద కొన్నంతకాలం పచ్చి కట్టెకీ, మట్టికీ మేమే డబ్బిస్తున్నట్టు. ఎండిన అంగుళం ముక్కకు ఒక ధర, పచ్చి పీచుకు ఇంకో ధర అని కాటా దగ్గర బోర్డు పెడితే చాలు. మరుసటి సీజనుకు ష్రెడర్ కత్తులు సానబెట్టించమని రైతులే అడుగుతారు.