మా అమ్మ లావు కాదు

మా పెళ్ళి 2001లో. పాతికేళ్ళ పెళ్ళిరోజని మావారు నాకు తెలియకుండా ఒక పని చేశారు. అటక మీది ట్రంకుపెట్టెలోంచి పెళ్ళి కేసెట్లు రెండూ దింపి, ఒక స్టూడియోలో ఇచ్చి, పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి తెచ్చారు. చీర కన్నా గొలుసు కన్నా గొప్ప కానుకని మురిసిపోయి, వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి టీవీ ముందు కూర్చున్నాను.

కన్యాదానం. నాన్న పెళ్ళికొడుకు కాళ్ళు కడుగుతుంటే అమ్మ చెంబుతో నీళ్ళు పోస్తోంది.

"అమ్మమ్మ కూడా నీలాగే బొద్దుగా ఉండేదన్నమాట!" అంది మా అమ్మాయి.

మా అమ్మ చీపురుపుల్ల. జాకెట్టు ఎన్నిసార్లు బిగించి కుట్టించినా భుజాల మీంచి జారిపోయేది. నా పెళ్ళయిన రెండేళ్ళకే పోయింది, మనవరాలిని చూడలేదు. ఫొటోలున్నాయి కానీ, ఆవిడ నడిచేది, కొంగు దోపుకునేది, ఎవరినో కేకేసేది ఆ కేసెట్లలోనే. ఆ ఒక్క అమ్మమ్మనీ నా కూతురికి బొద్దుగా చూపించారు. నాకు ఒళ్ళు మండింది.

ఏం జరిగిందో తెలుసుకోవడం పెద్ద విద్యేమీ కాదు. మన పాత వీహెచ్‌ఎస్ కేసెట్లలో బొమ్మ వెడల్పు నాలుగు పాళ్ళయితే ఎత్తు మూడు పాళ్ళు. అప్పటి డబ్బా టీవీల ఆకారమూ అదే. ఇప్పుడు గోడకి తగిలించుకుంటున్న టీవీలు పదహారుకి తొమ్మిది. ఈ లెక్కనే యాస్పెక్ట్ రేషియో అంటారు. పాత బొమ్మని కొత్త తెర నిండా అడ్డంగా లాగితే ప్రతి మనిషీ మూడో వంతు వెడల్పెక్కుతాడు, ఎత్తు మాత్రం అంతే ఉంటుంది. కందపద్యాన్ని సీసం కొలతకి సాగదీస్తే మా తెలుగు మేష్టారు ఊరుకునేవారా? 1957 నాటి మాయాబజార్‌దీ దాదాపు ఈ పాత ఆకారమే. ఎస్వీ రంగారావుగారంటే భారీ మనిషి, సాగదీసినా తట్టుకుంటారు. మా అమ్మ తట్టుకోలేదు.

"కానుకకి వంకలు పెడతావేంటి" అని మావారు చిన్నబుచ్చుకున్నారు. వంక కానుకకి కాదు, కొలతకి అని చెప్పి, మర్నాడు కేసెట్లు పట్టుకుని నేనే స్టూడియోకి వెళ్ళాను.

"మేడమ్, అందరూ ఫుల్ స్క్రీనే అడుగుతారండీ. పక్కల నల్లగా వస్తే ఫైలు పాడైందని గొడవకొస్తారు" అన్నాడు ఆ అబ్బాయి. పోనీ జూమ్ చేసిస్తాను, మనుషులు సాగరు, తెరా నిండుతుంది అన్నాడు. కంప్యూటర్లో చూపించాడు కూడా.

చూశాను. జూమ్ అంటే పైనా కిందా కోసెయ్యడం. పైన ఎనిమిదో వంతు, కింద ఎనిమిదో వంతు, మొత్తం పావు బొమ్మ పోతుంది. మన పెళ్ళిలో ముఖ్యమైనవన్నీ ఎక్కడుంటాయో ఒకసారి తలుచుకోండి. జీలకర్ర బెల్లం నడినెత్తిన పెడతారు. తలంబ్రాలు తల మీంచి పోస్తారు. మెట్టెలు కాలివేళ్ళకి తొడుగుతారు. జూమ్ చేసిన జీలకర్ర బెల్లంలో నా చెయ్యి మణికట్టు దగ్గరే ఆగిపోయింది. అది ఎవరి తల మీదకి వెళ్ళిందో చూసేవాళ్ళే ఊహించుకోవాలి. ఆనాటి వీడియో అబ్బాయి స్టూలెక్కి, తలా చెయ్యీ రెండూ పట్టేలా చూసుకుని తీశాడు. ఇప్పుడు టీవీ ఖాళీగా కనబడుతోందని దాన్ని కోసేస్తామా?

ఇంకో ముచ్చట కూడా ఉంది. నల్లటి పట్టీల బదులు అదే బొమ్మని మసకచేసి పెద్దది చేసి రెండు పక్కలా నింపుతారట. పీటల కిటూ అటూ దెయ్యాలు ఊగుతున్నట్టుంటుంది. వద్దు బాబూ అన్నాను.

నల్లటి పట్టీలు ఎవరికి అడ్డం? తెరలో మూడొంతులు బొమ్మ, మిగతాది ఖాళీ. ఆ ఖాళీలో మనదేదీ పోలేదు. గోడ కన్నా ఫొటో చిన్నదని ఫొటోని లాగుతామా?

తప్పు స్టూడియో వాళ్ళదే అనను. పెట్టిన డబ్బుకి తెరంతా నిండాలని అడుగుతున్నది మనమే. ఫొటో దిగేటప్పుడు పక్కకి తిరగమ్మా, లావుగా కనబడతావు అని కూతుళ్ళకి చెప్పే మనమే, చచ్చిపోయిన మన అమ్మల్ని మూడో వంతు ఉబ్బించి ఇస్తే బాగుందని తెచ్చుకుంటున్నాం.

కేసెట్లు ఇచ్చేటప్పుడు "నాలుగుకి మూడు, కొయ్యొద్దు, సాగదియ్యొద్దు" అని చీటీ రాసివ్వండి. ఫైలు తెచ్చుకున్నాక గుండ్రంగా ఉండాల్సింది ఏదైనా ఎదురుగా కనబడే చోట ఆపి చూడండి. నా పెళ్ళిలో మండపం గోడ గడియారం అడ్డంగా పడుకోబెట్టిన కోడిగుడ్డులా ఉంది. నుదుటి బొట్టయినా చాలు. మనుషులు కొంచెం సన్నబడ్డారా, అదీ తప్పే. మన కేసెట్లు కంప్యూటర్లోకి మామూలుగా 720 చుక్కల వెడల్పు, 576 ఎత్తులో ఎక్కుతాయి. ఉన్నదున్నట్టు చూపిస్తే బొమ్మ ఇరుకవుతుంది. వెడల్పు 768 చెయ్యమనండి, సరిపోతుంది. ఫైలు సరిగ్గానే ఉండి మీ టీవీ లాగుతూ ఉండొచ్చు కూడా, రిమోట్‌లో పిక్చర్ సైజు చూసుకోండి. తర్వాత్తర్వాత వచ్చిన చిన్న డిజిటల్ టేపుల్లో కొన్ని నిజంగానే వెడల్పు బొమ్మతో తీసినవి. వాటిలో మనుషులు పొడుగ్గా సన్నగా కనబడితే అక్కడ మాత్రం పదహారుకి తొమ్మిదే సరైన లెక్క. అందుకే గుండ్రటి వస్తువునే అడగాలి, స్టూడియో అబ్బాయిని కాదు. ఫైలు వచ్చింది కదా అని కేసెట్లు మాత్రం పారెయ్యకండి. నావి అటక మీద ఉండబట్టే రెండోసారి ఎక్కించుకోగలిగాను.

అబ్బాయి మళ్ళీ డబ్బులు తీసుకున్నాడు, ఇచ్చాను. "తర్వాత చిన్నగా ఉందని అనకండి మేడమ్" అన్నాడు.

ఆ సాయంత్రం మళ్ళీ కన్యాదానం దగ్గర పెట్టాం. చెంబు పట్టుకున్న చెయ్యి దగ్గర మా అమ్మాయి రిమోట్ లాక్కుని ఆపింది. తన మోచెయ్యి ఎత్తి టీవీ పక్కన పెట్టి చూసుకుంది.

"అమ్మా, ఈ ఎముక నాదే" అంది.