లెక్కకు లొంగని ఆంగ్లపదములు

పాలు పొంగినవి, నీళ్లు కాగినవి అని మనమందుము. తెలుగున నివి బహువచనములు. ఆంగ్లమున మిల్క్, వాటర్ అను పదములు ఏకవచనములే. వాని క్రియయు నేకవచనమే. రైస్ సంగతియు నింతే. మన సోదరీమణులు కొందరు సామానులను ఫర్నిచర్స్ అనియు, సలహాలను అడ్వైసెస్ అనియు ఉత్తరములలో వ్రాయుటకు ఈ మాతృభాషా సంస్కారమే మూలమని మాకు తోచుచున్నది. అది తెలివితక్కువ యనరాదు.

ఇట్టివానిని లెక్కింపవలసినపుడు ఆంగ్లమున ముందొక పదమును చేర్తురు. ఈ పద్ధతి మనకు క్రొత్తది కాదు. సబ్బుబిళ్ల, బెల్లపుటచ్చు, పసుపుకొమ్ము, కరివేపాకు రెబ్బ అనుట లేదా? వస్తువు యొక్క రూపమే తగిన మాటను చూపును. సోప్‌నకు బార్ లేక కేక్, పేపర్‌నకు షీట్, రొట్టె మొత్తమునకు లోఫ్, కోసిన ముక్కకు స్లైస్. సలహాకు రూపము లేదు గావున పీస్ ఆఫ్ అడ్వైస్ అనిన చాలును. ఫర్నిచర్‌నకును పీస్ అనియే వాడుక. రెండు కావలెనన్న టూ పీసెస్ ఆఫ్ ఫర్నిచర్. బహువచనము పీస్‌నకే గాని ఫర్నిచర్‌నకు తగులరాదు. న్యూస్ అను పదము చివర ఎస్ ఉన్నను అది ఏకవచనమే. పెద్ద చదువులు చదివిన పురుషులు సయితము ఇచ్చట తొట్రుపడుట మేమెరుగుదుము.

వంటపుస్తకములు చదువువారు మరికొంత మెలకువతో నుండవలెను. క్లోవ్ అన్న లవంగము. క్లోవ్ ఆఫ్ గార్లిక్ అన్న వెల్లుల్లి రెబ్బ. హెడ్ ఆఫ్ గార్లిక్ అన్న గడ్డ మొత్తము. రెబ్బకు మారుగా గడ్డ వేసిన చారును ఇంటివారు మౌనముగా త్రాగుదురని మేము పూచీపడజాలము.

మందుల విషయమున నిది నవ్వులాట కాదు. టీస్పూన్‌ఫుల్ అన్న 5 మిల్లీలీటర్లు, టేబుల్‌స్పూన్‌ఫుల్ అన్న 15. ఒకదానికొకటిగా పొరబడిన పసిబిడ్డకు మూడింతల మందు పోసినట్లగును. ఇంటిలోని చెంచాల పరిమాణము ఒక్కతీరున నుండదు. కావున సీసాతో వచ్చిన కొలతగిన్నెనే వాడవలెను.

ఏ పదము లెక్కకు వచ్చును, ఏది రాదు అను సందేహమునకు నిఘంటువే శరణ్యము. హార్న్‌బీ మొదలగువారు కూర్చి 1942లో టోక్యోలో వెలువరించిన నిఘంటువున, లెక్కకు వచ్చువానికి సి అనియు, రానివానికి యు అనియు గుర్తు లిడిరి. 1948లో ఆక్స్‌ఫర్డ్ ముద్రణాలయమువారు దానిని మరల ప్రకటించిరి. నేడు విద్యార్థులకై వెలువడు ఆంగ్ల నిఘంటువులలో ఈ గుర్తులు సాధారణముగా కానవచ్చును. కొన్ని పదములకు రెండు గుర్తులును ఉండును. తలపైనున్న జుట్టంతయు హెయిర్. అది లెక్కకు రాదు. పులుసులో కనబడిన వెంట్రుక మాత్రము ఎ హెయిర్. అవి రెండైన టూ హెయిర్స్.