పసిబిడ్డకు ఆరో వారమే గడువు

మిరపకోతల రోజుల్లో మన ఆడకూతురు బిడ్డను చెట్టుకొమ్మ ఉయ్యాల్లో వేసి చేలోకి దిగుతుంది. బిడ్డకు జ్వరమొస్తే దిష్టి అంటాం. విరేచనాలైతే పళ్లొస్తున్నాయంటాం. తల్లికి హెచ్.ఐ.వి. ఉన్నప్పుడు ఈ మాటలతో పొద్దుపుచ్చితే బిడ్డ దక్కదు.

2004-05లో గుంటూరు జిల్లాలో జనం రక్తం పరీక్షించిన సర్వేలో, 15-49 ఏళ్ల వాళ్లలో నూటికి 1.72 మందికి ఈ క్రిమి ఉందని తేలింది. అది పరాయివాళ్ల రోగం కాదు, మన ఇంటి సంగతి.

ఒంట్లో రోగంతో పోరాడే తెల్లకణాలు ఒక కూలి ముఠా లాంటివి. సి.డి.4 కణం మేస్త్రి. సి.డి.8 కణాలు క్రిమి పట్టిన కణాలను చంపే పనివాళ్లు. పెద్దవాళ్లకు క్రిమి సోకితే కొన్ని వారాల్లో ఈ ముఠా దాన్ని కొంతవరకైనా అణుస్తుంది. పసిబిడ్డలో ముఠా లేస్తుంది గానీ పని తెలియని ముఠా. క్రిమి నెలల తరబడి పొంగుతూనే ఉంటుంది, మేస్త్రినే చంపుతుంది. పైగా పసిబిడ్డలకు సి.డి.4 లెక్క పుట్టుకతోనే ఎక్కువ. అంకె బాగుందని నమ్మితే మోసపోతాం. మందు పడకపోతే ఇలాంటి బిడ్డల్లో మూడోవంతు ఏడాది తిరక్కుండానే పోతారు. రెండేళ్లకు సగం మంది పోతారు.

మరి దారి లేదా? ఉంది. దక్షిణాఫ్రికాలో పన్నెండు వారాల లోపు బిడ్డలకు వెంటనే మందు మొదలెడితే, ఆగి ఇచ్చిన వాళ్లకంటే చావులు నూటికి 76 వంతులు తగ్గాయని 2008లో రుజువైంది. తల్లి నుంచి వచ్చిన ప్రతిరక్షకాలు బిడ్డ నెత్తుటిలో ఏడాదిన్నర దాకా ఉండొచ్చు గనక మామూలు పరీక్ష పనికిరాదు. ఆరో వారంలో మడమ పొడిచి తీసిన నెత్తుటి చుక్కల్లో క్రిమినే వెతికే పరీక్ష మన దేశంలో 2010 నుంచి ఉంది. అప్పుడు లేదని తేలినా, పాలు తాగినన్నాళ్లూ మళ్లీ చూపించాలి. పద్దెనిమిది నెలలకు ఆఖరి పరీక్ష. తల్లి కడుపుతో ఉన్నప్పుడే మందు వాడితే అసలు బిడ్డకు సోకే ప్రమాదమే నూటికి అయిదు లోపుకు దిగుతుంది. మందు లేకపోతే 15 నుంచి 45 దాకా.

పరీక్ష, మందు ఉచితమే. ఆసుపత్రికి పోతే ఆ రోజు కూలి పోతుంది, అది ఎవడిస్తాడు? ఫలితం ఆలస్యమైతే తల్లి ఎన్నిసార్లు తిరగాలి? తిరుగుడు ఖర్చు, పోయిన కూలి సర్కారే ఇవ్వాలి. ఫలితం వెంటనే తల్లి చేతికి రావాలి.

ఇక మనలో మాట. 1985లో కారంచేడు మారణకాండకు ముందు గొడవ మొదలైంది మంచినీళ్ల చెరువు దగ్గరే. నీళ్ల దగ్గర అవమానం అంటే ఏమిటో మనకు ఒకళ్లు చెప్పాలా? అలాంటి మన పల్లెల్లోనే ఆ తల్లికి వేరే గ్లాసు పెడితే, ఆ బిడ్డను అంగన్‌వాడీలో పక్కన కూచోబెడితే, మనం ఎవడి బుద్ధి మోస్తున్నట్టు? కలిసి తింటే, ఎత్తుకుంటే ఇది అంటదు. బడిలో, ఆసుపత్రిలో, పనిలో వివక్ష చూపకూడదని 2017లో చేసిన చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. తల్లి ఒప్పుకోకుండా ఆమె సంగతి బయటపెట్టటమూ తప్పే.

కార్యకర్తలారా! పేర్లు ఆరా తీయకండి. కడుపుతో ఉన్న ప్రతి అక్కకూ, చెల్లికీ పరీక్ష సంగతి చెప్పండి. తోడు కావాలన్న తల్లితో బస్సెక్కండి. బిడ్డ బతకటం దయ కాదు, హక్కు.

జై భీమ్!