క్యారేజీలో అన్నమొక్కటే చాలదు

ప్రభుత్వ బడిలో మధ్యాహ్న భోజనానికి ఒక మెనూ ఉంది. అన్నం, పప్పు, కూరలతోపాటు గుడ్డు, రాగిజావ, చిక్కీ అందులో భాగం. డొక్కా సీతమ్మ పేరుతో నడుస్తున్న ఈ పథకాన్ని 2025 జనవరిలో ప్రభుత్వ జూనియర్ కాలేజీలకూ విస్తరించారు. మరి వేలకు వేలు ఫీజు కట్టి ప్రైవేటు స్కూలుకు పంపే మన పిల్లల క్యారేజీకి మెనూ ఏది? చాలా ఇళ్లలో సోమవారం నిమ్మకాయ పులిహోర, మంగళవారం టమాటా రైస్, బుధవారం బంగాళాదుంప వేపుడు. పేర్లే వేరు. తినేది మాత్రం అన్నం, నూనె, ఉప్పు.

ఇందుకు తల్లులను తప్పుపట్టడం అన్యాయం. నర్సీపట్నంలో ఏడున్నరకల్లా స్కూలు ఆటో గుమ్మం ముందుంటుంది. అనకాపల్లికో, తునికో ఉద్యోగానికి వెళ్లేవారు అంతకంటే ముందే బస్సెక్కాలి. ఆ హడావుడిలో త్వరగా అయ్యేది పులిహోరే. కానీ ఆ తొందరకు మూల్యం ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15-49 ఏళ్ల మహిళల్లో దాదాపు 59 శాతం మందికి రక్తహీనత ఉంది. అదే వయసువారిలో 36 శాతం మంది అధిక బరువుతో ఉన్నారు. కడుపు నిండుతున్నా ఒంటికి కావలసినవి అందడం లేదన్నమాట.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో చెప్పింది సులువైన లెక్కే: కంచంలో సగం కూరగాయలు, పండ్లు ఉండాలి. ధాన్యం మూడు వంతులకు పప్పు ఒక వంతు పడాలి. క్యారేజీకీ ఇదే కొలత. ఒక గిన్నెలో అన్నం, ఇంకో గిన్నెలో నిండుగా కూర లేదా ఆకుకూర పప్పు, పక్కన ఒక ఉడికించిన గుడ్డో, గుప్పెడు గుగ్గిళ్లో. అంతకు మించి కొత్త వంటలు నేర్చుకోనక్కర్లేదు.

దీనికి సూపర్ మార్కెట్‌లో డబ్బాలు కొనాల్సిన పనీ లేదు. మన్యానికి గుమ్మంలో ఉన్న ఊరు మనది. చింతపల్లి వైపు నుంచి రాజ్మా, చోళ్లు, సామలు మన బజారుకు వస్తాయి. రాజ్మాను రాత్రే నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, పొద్దున కుక్కర్‌లో మెత్తగా ఉడికించాలి. సరిగా ఉడకకపోతే వాంతులు, విరేచనాలు తప్పవు. వారంలో ఒకరోజు చోడిపిండిలో మునగాకు, ఉల్లిపాయ కలిపి రొట్టె కాల్చండి. చల్లారినా తినొచ్చు. మరో రోజు బొబ్బర్ల గుగ్గిళ్లు. ఇంకో రోజు పెసరపప్పు, తోటకూర. దానిపై తినేముందు నిమ్మరసం పిండుకుంటే ఆకుకూరలోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. భోజనం కాగానే టీ తాగితే ఆ లాభం తగ్గిపోతుంది.

నిల్వ విషయంలోనూ జాగ్రత్త కావాలి. రాత్రి మిగిలిన అన్నాన్ని పోపు పెట్టి క్యారేజీలో సర్దడం మానండి. బయట ఉంచేసిన అన్నంలో పెరిగే బ్యాక్టీరియా విడుదల చేసే విషం మళ్లీ వేడి చేసినా పోదు. ఎండాకాలం కొబ్బరి పచ్చడి మధ్యాహ్నం దాకా ఆగదు, దాన్ని ఇంట్లోనే తినేయండి.

ఇక అసలు మాట. నాలుగు క్యారేజీలు కట్టిన ఇల్లాలు తను మాత్రం గిన్నె అడుగున మిగిలిన అన్నం, పచ్చడితో సరిపెట్టుకుంటుంది. పై లెక్కల్లోని 59 శాతంలో ఆమె కూడా ఉండొచ్చు. అందుకే ఇంట్లో ఉన్నా సరే, అందరితోపాటు ఆమె క్యారేజీ కూడా పొద్దున్నే సర్దేయాలి. గుడ్లు నలుగురికి ఉడికిస్తే ఐదోది ఆమెకు.

ఆమె ఒక్కతే ఇవన్నీ చేయాలంటే మళ్లీ పులిహోరే దిక్కవుతుంది. రాత్రి టీవీ ముందు కూర్చున్నప్పుడు కూరగాయలు తరగడం, పప్పు నానబెట్టడం, గుడ్లు తేవడం ఇంట్లో మగవాళ్లూ, పెద్దపిల్లలూ చేయగలిగిన పనులే. ఆదివారం అందరూ కూర్చుని వారం మెనూ రాసి ఫ్రిజ్ మీద అతికించండి. ఎవరి పని ఏదో పక్కనే పేరుతో సహా రాయండి. తినేది అందరూ అయినప్పుడు కట్టే పని కూడా అందరిదీ కావాలి.