చేతికందిన గణితం

మూడవ ఏడు నిండీ నిండకముందే పసివానిచేత నూరు వరకు అంకెలు వల్లె వేయిస్తాం. వాడు తడుముకోకుండా అప్పజెప్పితే మురిసిపోతాం. నూరంటే ఎంత అని మాత్రం అడగం. అడిగితే వాడు చెప్పలేడు. మాట నోటికి వచ్చింది గాని, అది సూచించే రాశి మనసుకు అందలేదు. ఎందరినో జీవితాంతం వెన్నాడే గణితభీతికి బీజం ఇక్కడే పడుతున్నదని నా అభిప్రాయం.

ఇటలీ దేశపు వైద్యురాలు మరియా మాంటిస్సోరి ఈ క్రమాన్ని మార్చారు. 1907లో రోమ్ నగరంలోని శాన్ లొరెంజో అనే పేదల వాడలో ఆమె తొలి శిశుగృహాన్ని ప్రారంభించారు. మొదట వస్తువు, దానితోపాటు పేరు, ఆ తరువాతనే అంకె అన్నది ఆమె గణితబోధనలోని వరుస.

ఆ తరగతిలోని పూసలనే చూడండి. విడిపూస ఒకటి. తీగకు గుచ్చిన పది పూసలు పది. అటువంటి పది తీగలను చదరంగా కూర్చితే నూరు. పది చదరాలను ఒకదానిపై ఒకటి పేర్చితే వేయి పూసల ఘనం. విడిపూస వేలికొనపై నిలుస్తుంది. ఘనాన్ని ఎత్తడానికి పసివానికి రెండు చేతులూ కావాలి. ఒకటికీ వేయికీ గల అంతరం ఆ బరువులోనే తెలిసిపోతుంది. పుల్లలను లెక్కించి వేసే మరొక పెట్టెలో సున్న నుండి తొమ్మిది వరకు గడులుంటాయి. సున్న గడిలో వేయవలసినది ఏమీ లేదు. శూన్యమనే గహనమైన భావన ఆ ఖాళీ గడిలో కంటికి కనిపిస్తుంది.

రెండు పదాల మొత్తానికి ఘనం కట్టే సూత్రాన్ని మీరు ఉన్నత పాఠశాలలో కంఠస్థం చేసి ఉంటారు. అదే సూత్రాన్ని ఎనిమిది రంగుదిమ్మెలుగా మలచి, ఆ తరగతిలో శిశువు ముందు ఉంచుతారు. ఆటగా దానిని పేర్చిన బిడ్డకు, సూత్రం నేర్చుకునే నాటికి దాని రూపం పాతనేస్తమే.

ఇంతమాత్రాన ఎక్కాలు వ్యర్థమని నేననను. మహావీరాచార్యుని సంస్కృత గణితాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాలలోకి తెచ్చిన సంప్రదాయం మనది. ప్రాచీన సాహిత్యం చదువుకున్న నేను ధారణాశక్తిని చులకన చేయలేను. అయితే అర్థమైన తరువాతనే ధారణకు విలువ.

ఈ సామగ్రి సంపన్నుల బడులకే తగినదన్న ఆక్షేపణ ఉన్నది. ఖరీదు మాట నిజమే; కాని పద్ధతికి ఖరీదు లేదు. 1939లో మద్రాసులోని అడయారుకు వచ్చిన మాంటిస్సోరి, 1946 వరకు మన దేశంలోనే ఉండి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. ఆ పద్ధతి సారాన్ని గ్రహిస్తే మన ఊరి వస్తువులూ కొంతవరకు పనికివస్తాయి. పది చీపురుపుల్లలు కట్టితే పది. అటువంటి పది కట్టలు నూరు. గుంటగుంటకూ గింజలు పంచుతూ వామనగుంటలాడిన మన అమ్మమ్మలు చేతితోనే లెక్క నేర్చారు.

మీ ఇంట పసిబిడ్డ ఉంటే, నూరు వరకు చెప్పమని తొందరపెట్టకండి. దోసెడు చింతపిక్కలు ముందు పోసి, ఎన్ని ఉన్నాయో చూడమనండి. వాడు తప్పు లెక్కించినా తొందరపడి దిద్దకండి. మరల లెక్కించుకునే వ్యవధి ఇవ్వండి.